ఎనుముకొమ్ము: ఎక్కినవాళ్ల లెక్క

ట్రంకుపెట్టె అడుగున గోధుమరంగు అట్ట పుస్తకం.
బొగ్గు లెక్క రాయమని రైల్వే ఇచ్చింది.
మేం గుండ్ల లెక్క రాసుకున్నాం.

గుంతకల్లు లోకోషెడ్డులో నేను ఫిట్టర్ని,
వన్నూరప్ప ఖలాసీ, జిలానిది టీ క్యాంటీను.
సంసోను టెలిగ్రాఫు గుమాస్తా. చదువుకున్నోడు.
గుండెక్కే పిచ్చి మాకు అంటించిందీ వాడే,
ఒక ఆదివారం, ఏమీ తోచక.

తాడు షెడ్డుది. వ్యాగన్ల మీద టార్పాలిన్ బిగించే తాడు,
నడుముకు కట్టుకుంటే రెండు రోజులు డీజిలు వాసన.
బూట్లు లేవు. కాలిన రాతిమీద అరికాలు
పెనంమీది రొట్టెలా అంటుకునేది.
"చలికాలం ఎక్కల్లప్పా" అని
జిలాని ప్రతి ఎండాకాలమూ అనేవాడు.

మొదటి పేజీ: కుంచంగుండు. డెబ్బై ఆరు, మాఘమాసం.
నలుగురం. గంటన్నర. పైన గద్ద ఈక.

రెండో పేజీ: ముక్కర రాయి. సగం దాకా.
కారణం, వాన.
(నమ్మండి. మా జిల్లాలోనే.)

మూడో పేజీ: జంటకోడెలు. ఎడమది ఎక్కాం.
కుడిది ఎవరివల్లా కాలేదు.
దానికెదురుగా సంసోను గుండ్రటి అక్షరాలు:
'ఎక్కినవాళ్లు లేరు.'

పేజీ అట్లే ఉంది. కుడికోడె లేదు.
తొంభై నాలుగులో డ్రిల్లు పెట్టి, పలకలు కోసి,
లారీలకెత్తారు. ఏ ఊళ్లో, ఎవరింట్లో పరిచారో,
మా వేళ్లకు అందని ఆ నెత్తిమీద
పసిపిల్లలు పాకుతుంటారు.

ఎనుముకొమ్ముకు మాత్రం నాలుగు పేజీలు.
రాయదుర్గం దాటి, కణేకల్లు దోవలో, ఇసుక దిబ్బల వెనక
ఒంటిగా, కొంచెం పడమటికి వంగి ఉంటుంది,
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు.
మూడుసార్లు ఓడి వచ్చాం.
మొదటిసారి తేనెటీగలు. రెండోసారి తాడు పొట్టిది.
మూడోసారి భయం. పుస్తకంలో 'గాలి' అని రాసుకున్నాం.

నాలుగోసారి వన్నూరప్ప
నడిమి పగులులో మోచెయ్యి ఇరికించి
బల్లిలా ఒదిగి ఒదిగి కనబడకుండా పోయాడు.
బీడీ కాలినంత సేపు ఏమీ లేదు.
తర్వాత తాడు రెండుసార్లు కదిలింది. రమ్మని.

పైన మంచమంత జాగా. అంతే.
కింద హగరి, నీళ్లు లేని తెల్లటి దోవ.
దూరంగా బళ్లారి గుండ్లు నీలంగా.
సంసోను పెన్సిలు తీశాడు, 'మొట్టమొదట ఎక్కింది' దాకా రాశాడు.
వన్నూరప్ప అన్నాడు: "ఆగు."

రాతి గుంతలో, ఎండి పగిలిన ఒండులో
ఆకుపచ్చ గాజుముక్క.

దిగి కొట్టాల దగ్గర అడిగితే, నవ్వి,
మారెక్కను చూపించారు. కొర్రలు చెరుగుతోంది,
చేట ఆపలేదు.
"మేకపిల్ల పాయ పైకి. అరుస్తా ఉండె.
గద్ద తిరుగుతా ఉండె."
ఎట్ల ఎక్కినావక్కా?
"నేనేడెక్కితి? ఎక్కింది మేక.
నేను దించుకొస్తి."
కొంగులో మూటగట్టి, వీపున ఏసుకొని.
"అప్పుడు వీడు కడుపులో ఉండె, ఏడో నెల."
మీసాలొస్తున్న తిప్పేరుద్ర
సిగ్గుపడి మేకల మధ్యకు పోయాడు.

సంసోను పెన్సిలు చాలాసేపు నమిలాడు.
పుస్తకంలో 'ఎక్కినవాళ్లు' గడి ఉంది.
దించుకొచ్చినవాళ్లకు గడి లేదు.
స్కేలు లేక, అగ్గిపెట్టె అంచు పెట్టి
కొత్త గీత గీశాడు. అందులో మారెక్క.
పాత గడిలో, కొంచెం ఆలోచించి:
'మేకపిల్ల, ఒకటి.'
మా నలుగురి పేర్లు ఆ కింద, చిన్నగా.

మరి తిప్పేరుద్ర?
పుట్టకముందే ఎక్కినోణ్ణి రాయాలా వద్దా?
రాయాలని జిలాని, మోసినవాళ్లకే లెక్కని సంసోను,
రాయదుర్గం బస్సులో మొదలై
గుంతకల్లు ప్లాట్‌ఫారం దాకా కొట్లాడుకున్నారు.
తేలలేదు.

జిలాని పోయి పదకొండేళ్లు. వన్నూరప్ప అంతకు ముందే.
పోయిన నెల సంసోను ఫోన్ చేశాడు.
చెవులు సరిగా వినపడవు, గట్టిగా అరుస్తాడు:
"పిల్లోణ్ణి రాసినావా?"

"రాసినాలేప్పా," అన్నాను,
"పెన్సిల్తోనే."